చెప్పులను బతిమాలిన తలుపు

నమోదు 1

ఇది నేను ఇష్టపడి రాస్తున్నది కాదు. క్యాంటీన్‌లో అంబలి పోసే యంత్రానికి విద్యాధర్ సార్ గొంతు నేర్పినందుకు పడిన శిక్ష. ఎవరు గిన్నె పెట్టినా అది సార్ గొంతుతో "మీ సూచనను పరిశీలిస్తాం" అని, సగం గిన్నె పోసి ఆగిపోయేది. కాలనీ అంతా కడుపు పట్టుకుని నవ్వింది. సార్ ఒక్కరే నవ్వలేదు.

విద్యాధర్ సార్ అంటే మా కాలనీలో ఏ యంత్రం ఎలా ఉండాలో తేల్చే రూపకల్పన విభాగానికి పెద్ద. ఆ విభాగం పై అంతస్తులో ఉంటుంది. మేము కింద, ఏడో సొరంగంలో ఉంటాం. మా ముత్తాతలు గోదావరి పక్కన బొగ్గు బావుల్లోకి దిగారు, మేము చందమామ మీద మంచు బావుల్లోకి దిగుతున్నాం. తట్ట మారింది, బొగ్గెత్తే చెమ్మస్ పార మారింది, సైరన్ మోత మాత్రం అదే.

శిక్ష ఏమిటంటే, మా సొరంగంలోని ఊపిరి గదికి కొత్త తలుపు పెడుతున్నారు. దానితో నాకు ఎదురైన తిప్పలన్నీ ఉన్నదున్నట్టు ఇందులో రాయాలి. ఈ పని అప్పగించింది హవిష అనే పిల్ల, విభాగంలో అందరికన్నా కొత్తది. "మీలాంటివాళ్లే కావాలక్కా" అంది. నాలాంటివాళ్లంటే ఎవరని అడిగాను. "చెప్పినట్టు చేయనివాళ్లు" అంది. ఆ మాటకు పిల్ల నాకు నచ్చింది.

ఊపిరి గది సంగతి కొత్తవాళ్లకు చెప్పాలి. సొరంగం గోడ ఎక్కడ పగిలినా లోపలి గాలి బయటికి పోతుంది. సైరన్ మోగుతుంది. అందరూ ఆ గదిలోకి ఉరికి తలుపు మూసుకోవాలి. లోపల గాలి డబ్బాలుంటాయి, పగులు పూడ్చేదాకా వాటితో బతకొచ్చు. ఇన్నాళ్లూ తలుపుకు ఒక ఇనుప చక్రం ఉండేది. అందరికన్నా చివర వచ్చినవాడు దాన్ని తిప్పి మూయాలి. కిందటి పగులులో ఆ చివరివాడు మా ఆయన ఓదెలు. తిప్పీ తిప్పీ భుజం జారింది, ఇప్పటికీ చెయ్యి పైకి లేవదు. కాబట్టి దానంతటదే మూసుకునే తలుపు వద్దని నేను అనను. దాన్ని ఊరికి అప్పగించే రోజున పాత చక్రం పీకేస్తారని మాత్రం విన్నాను. రెండూ ఒకే ఇరుసు మీద ఎల్లకాలం ఇమడవట, పరీక్షలయ్యేదాకే ఉంచుతారట.

నమోదు 2

పై అంతస్తులో పరీక్ష జరిగింది. తలుపు అని చెప్పి అట్టముక్క నిలబెట్టారు. మీటలు కాగితం మీద గీశారు. హవిష ముందే ఒప్పందం చేసుకుంది. నేను మనసులో అనుకున్నదంతా పైకి అంటూ ఉండాలట, తను మాత్రం నోరు విప్పదట. నేను తప్పు మీట నొక్కినా, తిట్టినా, సాయం అడిగినా పలకదట. ఎందుకని అడిగితే, అసలు సైరన్ మోగినప్పుడు తను పక్కన ఉండదు కదా అంది.

పైకి అనమన్నారు కదా, అన్నాను. ఈ అట్టతలుపు అచ్చం విద్యాధర్ సార్ లాగే ఉంది, ముందు నున్నగా, వెనక ఖాళీగా అని. సార్ అద్దం అవతలే ఉన్నారని తర్వాత తెలిసింది.

అంతా అయ్యాక సార్ స్వయంగా వచ్చి మమ్మల్నందరినీ నిలబెట్టి, సైరన్ మోగితే ఏం చేస్తారని అడిగారు. తిన్నగా లోపలికి ఉరుకుతామని అందరం చెప్పాం. మా అత్త రాజవ్వ కూడా "ఉరుకుతం సారూ, ఇంకేం జేస్తం, ఆడ నిలవడి ముచ్చట వెడ్తమా" అంది. సార్ తృప్తిగా వెళ్లిపోయారు.

హవిష ముఖంలో తృప్తి లేదు. అడిగితే మనుషులు తాము చేసేది చెప్పరని, చేస్తామని నమ్మేది చెబుతారని అంది. అంటే మేము అబద్ధాలకోరులమా అని నాకు కోపం వచ్చింది. మూతి తిప్పుకుని దిగి వచ్చేశాను.

నమోదు 3

కొత్త తలుపు బిగించారు. సొరంగంలో ఉత్తుత్తి సైరన్ మోగించి చూశారు.

ఇక్కడి నేల మనిషిని గట్టిగా పట్టుకోదు, అడుగు వేస్తే గెంతు అవుతుంది. అందుకని అందరికీ ఇనుప అడుగు వేసిన బరువు చెప్పులుంటాయి. ప్రతి చెప్పులో యజమాని పేరున్న చిన్న బిళ్ల ఉంటుంది. మంచు బావి దుమ్ము కెమెరాల కళ్లను నాలుగు షిఫ్టుల్లో మూసేస్తుంది కాబట్టి, తలుపు మనుషుల్ని చూడదు, బిళ్లల్ని చూస్తుంది. తలుపు దారిలో ఏ బిళ్లా లేకపోతే మూసుకుంటుంది. ఉంటే, మనిషి నలిగిపోతాడని ఆగుతుంది. వినడానికి ఎంతో చక్కగా ఉంది.

సైరన్ మోగింది. ఉరికాం. నేను అత్త చెయ్యి పట్టుకుని లాగాను. అందరం లోపల పడ్డాం. తలుపు మూసుకోలేదు. ఆగి, తియ్యటి గొంతుతో పిలవడం మొదలుపెట్టింది.

"రాజవ్వ గారూ, దయచేసి లోపలికి రండి."

అత్త నా పక్కనే, గెంతు పడకుండా గోడకు కట్టిన తాడు పట్టుకుని నిలబడి ఉంది. "లోపల్నే ఉన్న గదనే. కండ్లు గిట్ల లేవా నీకు?"

"రాజవ్వ గారూ, మీ కోసం వేచి ఉన్నాను."

"ఇంత మర్యాద నా కొడుకు సుత జేయలె" అంది అత్త నాతో.

తర్వాత తలుపు ఓదెలును పిలిచింది. పోశం బావను పిలిచింది. ఒక్కొక్కరినీ గారు పెట్టి, అలుపు లేకుండా, పెళ్లికి పిలిచినట్టు పిలిచింది. అప్పుడు చూశాను. తలుపు దారిలో, కింద ఎత్తుగా కట్టిన ఇనుప అంచు పక్కన చెప్పుల కుప్ప. ఊరంతా చెప్పులు విప్పి లోపలికి వచ్చింది. ఆ కుప్పను తలుపు బతిమాలుతోంది.

ఈ జనానికి బుద్ధి లేదని నోరు చేసుకోబోయాను.

"సారక్క గారూ, దయచేసి లోపలికి రండి" అంది తలుపు.

కిందికి చూసుకున్నాను. నా కాలి వేళ్లు పదీ గదిలో పరిచిన చాప అంచులో దూరి ఉన్నాయి. ఎప్పుడు విప్పానో నాకే తెలియదు. పై అంతస్తులో సార్ ముఖం మీద చెప్పిన మాటను నా కాళ్లే అబద్ధం చేశాయి.

హవిష గోడ పక్కన నిలబడి అంతా చూస్తోంది. నిజం సైరన్ అయితే ఏమయ్యేదని అడిగాను. తను పలకకూడదన్న నియమం ఉంది. అయినా పలికింది. "ఎవరూ మిగలరక్కా."

చివరికి ఓదెలు కాలితో చెప్పులన్నీ బయటికి తోసినా, అంచు పక్కనే ఉన్న బిళ్లల్ని అది ఇంకా పిలుస్తూనే ఉంటే, మంచి చేత్తో పాత చక్రం తిప్పి తలుపు మూశాడు. చక్రం ఇంకా ఉంది కాబట్టి మూశాడు.

నమోదు 4

విద్యాధర్ సార్ మందు కనిపెట్టారు. తలుపు పక్కన బోర్డు పెట్టించారు. చెప్పుల బొమ్మ, దాని మీద అడ్డంగా ఎర్రగీత, కింద పెద్ద అక్షరాలు. విప్పినవాళ్లకు ఒక పూట అంబలి కోత.

మళ్లీ ఉత్తుత్తి సైరన్. జనం బోర్డు చదివారు, చదువుతూనే విప్పారు. దుమ్ముకు ఎర్రగీత అప్పటికే మాసిపోయింది, బొమ్మ మాత్రం మిగిలింది. చదువు రాని మా అత్త బొమ్మను చూసి, చెప్పులు విప్పి, ఒద్దికగా దాని కిందే జత చేసి పెట్టింది. "చెప్పులిడిసే జాగ మంచిగ జూపిచ్చిన్రు" అని మెచ్చుకుంది కూడా. ఆ పూట సొరంగమంతా పస్తు.

నేను పైకి వెళ్లాను. సార్ కూర్చోమన్నారు, నీళ్లు ఇప్పించారు, నెమ్మదిగానే మాట్లాడారు. తలుపును అన్ని సొరంగాల్లో ఒకేలా పెట్టాలని, ఒక్కొక్క చోట ఒక్కొక్క రకంగా మారిస్తే మరమ్మతుకు ఎవరి వల్లా కాదని చెప్పారు. అందులో న్యాయం లేకపోలేదు. తర్వాత అసలు మాట అన్నారు.

"తలుపులో లోపం లేదు సారక్కా. లోపం వాడకంలో ఉంది. అలవాట్లు క్రమశిక్షణతో మారతాయి."

"మారేదాంక గాలి ఆగుతదా సారూ?" అన్నాను.

అప్పగింత అనుకున్న రోజునే జరుగుతుందని చెప్పారు. చక్రం పోతుంది. ఆఖరికి, ఊపిరి గదిలో ఉన్న దేవత వల్లే విప్పుతున్నారేమో, దేవతను బయటికి మార్చి చూద్దామా అని అడిగారు. ఆ గదిలో ఉన్నది బావి మైసమ్మ. మా అమ్మమ్మలు ఇక్కడ తవ్విన మొదటి రాయి, ఎర్ర రంగు పూసి నిలబెట్టారు. నేను సార్‌కు ఏం జవాబిచ్చానో ఇక్కడ రాయను. ఉన్నదున్నట్టు రాయమన్నారు కానీ, అత్త ఇది చదివించుకుంటుంది.

నమోదు 5

ఎందుకు విప్పుతున్నారో తెలియకుండా మందు వేస్తే రోగికే చేటు అంటుంది హవిష. జనాన్ని అడిగితే లాభం లేదు. అడిగినవాళ్లందరూ మైసమ్మే కారణమన్నారు, నేనూ అదే అన్నాను. కాబట్టి అడగకుండా చూడాలి.

ఖాళీగా పడి ఉన్న సామాను గదికి హవిష రేకులతో ఉత్తుత్తి తలుపు కట్టింది. లోపల యంత్రం లేదు. రేకు వెనక పీట వేసుకుని నేను కూర్చున్నాను. పలికేది నేనే, తాడు లాగి తలుపు మూసేది నేనే. వచ్చినవాళ్లకు మాత్రం అది యంత్రమే. పిల్లా, నేను పుట్టింది ఈ పని కోసమే అన్నాను.

పోశం బావ చెప్పులు విప్పగానే, "పోశం బావా, చెప్పులిడిసి ఎటు వోతున్నవ్, పెండ్లికా?" అన్నాను తలుపు గొంతుతో. బావ తాడు వదిలేసి కప్పుకు తగిలి వచ్చాడు. తలుపుకు సారక్క నోరొచ్చిందని ఊరంతా చాటాడు. హవిష నన్ను గట్టిగానే మందలించింది. మనం వాళ్లను నవ్వించకూడదు, ఏడిపించకూడదు, వాళ్లు ఏం చేస్తారో చూడాలి అంతే అంది. తర్వాత నోరు కట్టుకున్నాను. నోరు కట్టుకుని చూస్తే ఎన్ని కనిపిస్తాయో అప్పుడు తెలిసింది.

మైసమ్మ లేని ఆ సామాను గదికి కింద అంచుతో సహా అచ్చం అసలు తలుపులాగే కట్టి చూశాం, విప్పారు. తర్వాత లోపల ఇంకో రాయికి ఎర్ర రంగు పూసి మైసమ్మగా నిలబెట్టి, అంచు తీసేసి తలుపు దగ్గర నేల చదునుగా ఉంచాం. చెప్పులతోనే దూసుకొచ్చి, మైసమ్మ ముందు దాకా వెళ్లి విప్పారు. తలుపు మూసుకుంది. అంటే తల్లి మీద వేసిన నింద అబద్ధం.

మళ్లీ అసలు తలుపు దగ్గరికి వెళ్లి చూశాను. గాలి కారకుండా కింద ఎత్తుగా కట్టిన ఇనుప అంచు. తగిలి పడతారని పై అంతస్తువాళ్లు దానికి పసుప్పచ్చ రంగు వేశారు. బిగించిన బోల్టులు వదులైతే తెలియాలని ప్రతి బోల్టు మీదా ఎర్రచుక్క పెట్టారు. అడ్డంగా, ఎత్తుగా, పసుపు పూసి, వరసగా కుంకుమ బొట్లు.

నేను నెత్తి కొట్టుకున్నాను. "గిది గడప గద బిడ్డా."

హవిష దాని ముందు కూర్చుని బొట్లు ఒక్కొక్కటీ వేలితో తాకి చూసింది. పై అంతస్తు హాలులో అట్టతలుపుకు ఈ అంచు లేదు. చదును నేల మీద పరీక్ష చేశాం. అందుకే అక్కడ ఎవరూ విప్పలేదు. మా జనం చదువుకున్నా, చందమామ ఎక్కినా, పసుపు గడప కనబడితే కాలు ఆగుతుంది, చెప్పు జారుతుంది. తలకు తెలియకముందే కాలికి తెలుస్తుంది. దానికి అంబలి కోస్తారట.

నమోదు 6

అంచుకు వేరే రంగు వేయడానికి హవిష అనుమతి అడిగింది. రూపకల్పనకు ముద్ర పడిపోయిందని, అప్పగింత అయ్యాక, వచ్చే ఏటి సమీక్షలో చూద్దామని జవాబు వచ్చింది. చక్రం పీకడానికి మాత్రం సమీక్ష అక్కర్లేదు.

కాబట్టి నేను చేశాను. ఇక్కడ రాస్తున్నాను, నేనే చేశాను, ఎవరూ చెప్పలేదు. తలుపు అంచుకు యంత్రాల మడ్డి నూనె పట్టించి నల్లగా చేశాను. పాత పంపు గొట్టాన్ని ఊపిరి గది లోపల, తలుపుకు ఎడంగా అడ్డంగా పరిచాను. ఓదెలు ఒక చేత్తో పట్టుకుంటే నేను మేకులు కొట్టాను. పసుప్పచ్చ రంగు పూశాను. బొట్లు పెట్టబోతే అత్త కుంచె లాక్కుంది. "గడపకు బొట్లు వెట్టుడు నీకేం తెలుసు పిల్లా, నీ ఇంట్లనే ఎన్నడు వెట్టకపోతివి" అంది.

హవిష వచ్చి చూసింది. వద్దనలేదు, బాగుందనలేదు. గోడ పక్కన తన చోటులో నిలబడి, కానివ్వమన్నట్టు తల ఊపింది.

సొరంగంవాళ్లను పిలిచి ఉరికించాం. నల్ల అంచు ఎవరికీ పట్టలేదు, దాటి వచ్చారు. గొట్టం దగ్గర ఆగి విప్పారు. కానీ విప్పేవాళ్ల వెనక గుంపు కట్టి, ఆఖరివాళ్లు తలుపు దారిలోనే ఇరుక్కున్నారు. నా గడప తలుపుకు మరీ దగ్గరైంది. నేను చాలనుకున్నాను. హవిష చాలదంది, ఊరంతా నిలబడేంత చోటు మధ్యలో ఉండాలంది. మేకులు పీకి, ఇంకా లోపలికి, దాదాపు మైసమ్మ పక్కదాకా జరిపాం. మళ్లీ ఉరికించాం. తలుపు మూసుకుంది.

ఎవరు చెప్పారో కానీ సాయంత్రానికి ఆదేశం వచ్చింది. అనుమతి లేని అడ్డంకిని అప్పగింతలోగా తొలగించాలి. అందినట్టు వేలిముద్ర వేశాను. తొలగిస్తానని ఎక్కడా ఒప్పుకోలేదు.

నమోదు 7

మోకాలి మీద పెట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకోండి.

అప్పగింత రోజు. పొద్దున్నే చక్రం పీకి బండి మీద వేసుకుని పోయారు. ఓదెలు దాని వెనకాల కొంత దూరం నడిచి తిరిగొచ్చాడు. తర్వాత విద్యాధర్ సార్, కాలనీ పాలకవర్గం పెద్దలిద్దరు వచ్చారు. తలుపు బయట చిన్న వేదిక. సార్ ఉపన్యాసం మొదలైంది. మనిషి చేయి అవసరం లేని భద్రత గురించి చెబుతున్నారు.

సైరన్ మోగింది.

అందరం ఉత్తుత్తిదే అనుకున్నాం. పెద్దలు చప్పట్లు కూడా కొట్టారు. నేను దుమ్మును చూశాను. మామూలుగా మా దుమ్ము గాలిలో ఊరికే వేలాడుతుంది. ఇప్పుడు అదంతా ఒకే వైపుకు, బావి నోటి వైపుకు పోతోంది. చెవులు గుయ్యిమన్నాయి. హవిష అప్పటికే అరుస్తోంది, ఇది నిజం, ఇది నిజం అని.

ఉరికాం. ఓదెలు అత్తను మంచి భుజం మీద వేసుకున్నాడు. విద్యాధర్ సార్ వేదిక మీదే నిలబడి, ఇది కార్యక్రమంలో లేదు అంటున్నారు. అంగీ పట్టుకుని లాగాను. నల్ల అంచు దాటాం. వెనక ఇంకా జనం వస్తూనే ఉన్నారు. లోపల పచ్చ గడప దగ్గర అందరి కాళ్లూ వాటంతటవే ఆగాయి, చెప్పులు టకటకా రాలాయి. ఊపిరి అందని వేళ కూడా విప్పారు. ఎవరూ విప్పమనలేదు, ఎవరూ వద్దనలేదు. మధ్యలో వదిలిన చోటంతా నిండింది. పోశం బావ అందరికన్నా చివర, అంచు దాటి లోపలికి పడ్డాడు.

నేను వెనక్కి తిరిగి తలుపు వైపు చూశాను. చక్రం ఉండే చోట గుండ్రటి బొక్క మాత్రమే ఉంది. తలుపు ఒకవేళ ఇప్పుడు నోరు తెరిచి ఎవరినైనా గారు అని పిలిస్తే మా కథ అయిపోయినట్టే.

తలుపు పిలవలేదు. ఎవరినీ బతిమాలలేదు. మూసుకుంది.

గాలి డబ్బాలు బుస్సుమన్నాక కొందరు ఏడ్చారు, కొందరు మైసమ్మకు మొక్కారు. కప్పు దగ్గర టంగుమని చప్పుడైంది. చూస్తే విద్యాధర్ సార్. కాళ్లకు బరువు లేక, వేసిన అడుగు గెంతై తల తగిలించుకున్నారు. ఉత్త కాళ్లు. మెరిసే ఆయన చెప్పుల జత పచ్చ గడప బయట, మా అత్త చెప్పుల పక్కన ఒద్దికగా ఉంది. సార్ తన కాళ్ల వైపు చూసుకున్నారు. నేను ఆ రోజు నా కాళ్ల వైపు చూసుకున్నట్టే చూసుకున్నారు.

ఏదో ఒకటి అనాలని నా నాలుక దురద పెట్టింది. హవిష నా వైపు చూసింది. ఊరుకున్నాను.

అత్త ఆయనకు తాడు అందించింది. "వట్టుకో బిడ్డా, మళ్ల తాకుతది."

నమోదు 8

పగులు పూడ్చారు. ఏడో సొరంగంలో అందరం ఉన్నాం.

ఈ రోజు మళ్లీ ఆదేశం. పచ్చ గొట్టం ఆమోదం లేని నిర్మాణమట. సమీక్ష పూర్తయ్యేదాకా దాన్ని తొలగించి, తలుపు అంచును మొదటి రంగుకు తేవాలట. కింద విద్యాధర్ సార్ చేతిరాత ఉంది, "నాకు తెలుసు సారక్కా, కానీ నియమం అది. రేపు మనుషులతో నేనే వస్తాను" అని. ఈ నమోదు కూడా ఇక్కడితో ముగించి అప్పజెప్పాలట. శిక్ష పూర్తయిందట.

సరే, అప్పజెబుతున్నాను. ఉన్నదున్నట్టు రాయమన్నారు, రాశాను. ఇప్పుడు నా ఆదేశం వినండి. చక్రం తెచ్చి మళ్లీ బిగించండి. ఇరుసు మీద ఇమడకపోతే ఇమిడే ఇరుసు చేయండి, దానికేగా పై అంతస్తు కట్టుకున్నారు. కోసిన అంబలి తిరిగి పోయండి, నిండు గిన్నె. మిగతా సొరంగాల్లో తలుపులు బిగించే ముందు హవిషను పంపండి. వెళ్లి, నోరు మూసుకుని, గోడ పక్కన నిలబడి చూస్తుంది. అక్కడివాళ్ల కాళ్లు ఎక్కడ ఆగుతాయో మనకేం తెలుసు.

గొట్టాన్ని మాత్రం నేను తీయను, ఓదెలు తీయడు. సొరంగంలో ఎవరూ చెయ్యి వేయరు, అడిగి చూసుకోండి. అడిగితే చెప్పేది నమ్మొద్దంటే, వచ్చి చూసుకోండి.

రేపు మీరు వస్తే ఆపను సార్. తలుపు తెరిచే ఉంటుంది. నల్ల అంచు దాటి, గొట్టాలు కోసే రంపం పట్టుకుని, మీ మనుషులతో లోపలికి రండి. నేనూ హవిషా గోడ పక్కన ఉంటాం. ఒక్క మాట అనం. గడప కోయడానికి వచ్చినవాళ్లు చెప్పులు ఎక్కడ విప్పుతారో చూస్తూ ఉంటాం.